సెకనులో పదో వంతు

అరవై మీటర్ల హర్డిల్స్ పందెం ఎనిమిది సెకన్లలో అయిపోతుంది. చలికాలంలో, పైకప్పు వేసిన స్టేడియం లోపల, ఐదు హర్డిళ్ల మీదుగా ఆడవాళ్లు పరిగెత్తే పందెం అది. చూసేవాళ్లు కుర్చీల్లో సర్దుకుని కూర్చునేలోపే ఎవరు గెలిచారో తేలిపోతుంది. ఆ ఎనిమిది సెకన్ల కోసం భీమిలి అమ్మాయి నూకరత్నం పద్నాలుగేళ్లు సాధన చేసింది. ప్రపంచ పోటీల ఫైనల్ దాకా వెళ్లింది. ఫైనల్లో మాత్రం పరిగెత్తలేదు. పరిగెత్తనివ్వలేదు. దానికి కారణం నేను.

నా పేరు మందాకిని. విశాఖపట్నంలో ఒక పరిశోధనాలయంలో ఇరవై రెండేళ్లు నరాల మీద పనిచేశాను. పక్షవాతం వచ్చినవాళ్లని మళ్లీ నడిపించడం నా పని. మెదడు నుంచి కాలికి వెళ్లే దారి తెగిపోయినప్పుడు ఇంకో దారి వెతకాలి. అలాంటి దారి ఒకటి మనందరి ఒంట్లోనూ ఉంది. వెనక నుంచి ఎవరైనా కాగితం సంచి ఊది ఠప్పున పేలిస్తే, అదేమిటో తెలియకముందే ఒళ్లు ఉలిక్కిపడుతుంది కదా. ఆ ఉలికిపాటు ఆలోచించే మెదడు దాకా పోదు. మెడ పైభాగం దగ్గరే మలుపు తిరిగి సూటిగా కండరాల్లోకి దిగిపోతుంది. చెవి వెనక అతికించే రూపాయి బిళ్లంత పరికరంతో, ఆరు వారాల సాధనతో, ఆ ఉలికిపాటుని ఒక అడుగుగా మార్చవచ్చని నేను కనిపెట్టాను. కాగితాల మీద దానికి పొడవాటి పేరుంది. మేం మాత్రం ‘అడ్డదారి’ అనేవాళ్లం.

అడ్డదారిలో మొట్టమొదట నడిచినవారు సూర్యప్రకాశం గారని ఒక రిటైర్డు పోస్టుమాస్టరు. రెండేళ్లుగా చక్రాల కుర్చీలో ఉన్నారు. నేను చప్పట్లు కొడితే ఆయన కుడికాలు లేచింది. మళ్లీ కొడితే మళ్లీ లేచింది. అలా పదకొండు అడుగులు వేశారు. ఆయన కూతురు గోడకి ఆనుకుని ఏడ్చింది. ఆ సంగతి పేపర్లో ఫోటోతో సహా వచ్చింది.

మూడు నెలల తర్వాత ఆ కూతురే ఫోన్ చేసింది. “మేడం, ఇంట్లో ఫోన్ మోగితే నాన్నగారి కాలు ఎగిరిపడుతోంది. నిన్న టీ ట్రేని తన్నేశారు. పాపం, ఆయనకే సిగ్గుగా ఉంది,” అంది.

నేను రిజిస్టరులో ‘ప్రతిస్పందన బలంగా కొనసాగుతోంది’ అని రాసుకున్నాను.

పేపర్లో ఆ వార్త చూసే డేవిడ్ రాజు మాస్టారు రత్నాన్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఆయన అరవై దాటిన కోచ్. ఆమెకి ఇరవై ఎనిమిదేళ్లు. పొడగరి. గుమ్మం బయటే చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా మాస్టారి వెనక నిలబడింది.

“హర్డిల్ మీద ఈ పిల్లని మించినవాళ్లు మన దేశంలో లేరు మేడం,” అన్నారు మాస్టారు. “వచ్చిన చిక్కంతా మొదట్లోనే. తుపాకీ మోగాక అందరూ లేస్తారు, ఆ తర్వాత ఇది లేస్తుంది. మిగతావాళ్లకి నూట నలభై మిల్లీసెకన్లు పడితే దీనికి నూట తొంభై. నాలుగువందల మీటర్లయితే ఎక్కడో ఒకచోట కలుపుకోవచ్చు. అరవై మీటర్లలో ఎక్కడ కలుపుకుంటుంది?”

“నీకు శబ్దం సరిగ్గా వినిపిస్తుందా?” అని రత్నాన్ని అడిగాను.

“ఇనపడతాది డాక్టరమ్మా. ఇనపడ్డాక లేద్దారని అనుకుంటాను. ఆ అనుకోడం కాడే ఆలీసం అయిపోతంది.”

వాళ్లకేం కావాలో నాకు అప్పటికే అర్థమైంది. నాకున్న అనుమతి రోగుల మీద ప్రయోగానికే అని చెప్పాను. మాస్టారు ఒప్పుకోలేదు. “మందు కాదు, మాత్ర కాదు, సూది కాదు. నిషేధించినవాటి జాబితా అంతా చదివాను మేడం. అందులో ఇది లేదు.”

“ఎందుకు లేదంటే, ఇలాంటిదొకటి ఉందని వాళ్లకింకా తెలియదు.”

ఆయన నవ్వారు. రత్నం నవ్వలేదు. “గంగ పుట్టినాక అందరూ ఇంక సాలన్నారు డాక్టరమ్మా. గంగంటే నా కూతురు, నాలుగేళ్లు. నాకు పేరూ అక్కర్నేదు, ఏటీ అక్కర్నేదు. ఒక్కపాలి, ఒకే ఒక్కపాలి అందరికన్నా ముందు లేవాలనుంది,” అంది.

ఆలోచించి చెబుతానన్నాను గాని, నిజానికి అప్పటికే నిర్ణయించుకున్నాను. జాలిపడి ఒప్పుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. అప్పటిదాకా నేను చూసినవన్నీ దెబ్బతిన్న నరాలు. పద్నాలుగేళ్లు పదును పెట్టిన ఆరోగ్యవంతమైన శరీరంలో అడ్డదారి ఎలా పనిచేస్తుందో, ఆ గీత కాగితం మీద ఎలా లేస్తుందో చూడాలనిపించింది. అనుమతి ఇచ్చే సంఘం ముందుకి వెళ్లలేదు. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా ‘నడక సాధన’ అని రాశాను.

మా భవనం కింది అంతస్తులో ముప్పై మీటర్ల నడవా ఉంది. అక్కడ రబ్బరు పరిచి, పరుగు మొదలుపెట్టేటప్పుడు పాదాలు ఆనించే దిమ్మలు బిగించాం. రోజూ సాయంత్రం నాలుగింటికి రత్నం వచ్చేది. చెవి వెనక బిళ్ల అతికించేదాన్ని. స్పీకరులో శబ్దం వచ్చేది. మొదట్లో ఆమె మెడ, భుజాలు మాత్రమే అదిరేవి. సరిగ్గా ఆ అదురు పుట్టిన క్షణంలో బిళ్ల చిన్న విద్యుత్తు పంపి, దాన్ని తొడల్లోకి తోసేది. రోజుకి అరవై సార్లు. తొడలు వణికేదాకా చేసి, గోడకి చేరగిలబడి, మాస్టారు తెచ్చిన చెరుకురసం తాగి భీమిలి బస్సెక్కేది.

మూడో వారానికి నూట యాభై వచ్చింది. ఐదో వారానికి నూట ఇరవై. మాస్టారు ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఆ రోజు రత్నం ఒక మాట చెప్పింది. “ఇప్పుడు అనుకోడం నేదు డాక్టరమ్మా. నాను లేవట్నేదు, కాళ్లే లేత్తన్నాయి. లేచీసినాక నాకు తెలుత్తంది.”

ఆ వాక్యాన్ని అలాగే రాసుకుని ఎర్ర సిరాతో గీత గీశాను. పరిశోధన పత్రానికి మంచి మొదలు అనుకున్నాను. ఆమె అది చెబుతున్నప్పుడు ఎలా ఉందో, సంతోషంగా ఉందో బెదిరి ఉందో, నాకు గుర్తులేదు. నేను చూడలేదు.

గంగ ఐదో పుట్టినరోజుకి నన్ను ఇంటికి పిలిచారు. రత్నం భర్త ఎల్లాజీ పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. వాళ్లది సముద్రం వైపు దిగే వీధిలో రెండు గదుల ఇల్లు. రత్నం గ్లాసుల్లో పాయసం పోసి పళ్లెంలో పెట్టుకుని వస్తోంది. వంటింట్లో కుక్కరు కూసింది. అంతే, పళ్లెం అక్కడే గాలిలో ఉండిపోయింది, రత్నం గుమ్మం అవతల ఉంది. పాయసం గోడంతా జారింది. గంగ చప్పట్లు కొడుతూ, “అమ్మ కప్పలాగ గెంతీసింది!” అని అరిచింది. అందరం నవ్వాం. రత్నమూ నవ్వుతూ గోడ తుడిచింది.

తిరిగి వెళ్లేటప్పుడు ఎల్లాజీ నన్ను రోడ్డు దాకా సాగనంపాడు. “అమ్మగారూ, మొన్న నాను పడవింజను స్టార్టు సేత్తే ఇది నాలుగిళ్ల అవతలికి పరిగెట్టీసింది. అక్కడాగి, నానిక్కడికెందుకొచ్చినానని నన్నే అడుగుతంది. ఇది తగ్గుతాదా?”

“పరికరం తీసేశాక ఆరు వారాల్లో తగ్గిపోతుంది,” అన్నాను.

ఆ ఆరు వారాలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలియదు. తగ్గుతుందో లేదో నాకే కాదు, ప్రపంచంలో ఎవరికీ తెలియదు. డాక్టరు చెప్పింది కదా అని అతను తలూపి, నాకోసం ఆటో ఆపాడు.

జాతీయ ఎంపిక పోటీల్లో రత్నం మొదటి హర్డిల్ దగ్గరికే అందరికన్నా ముందుంది. ప్రపంచ ఇండోర్ పోటీలకి జట్టులో పేరొచ్చింది. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు ఆఖరి పరీక్ష పెట్టాను. నలభై సార్లు లేచింది. ముప్పై ఆరు సార్లు నూట రెండు నుంచి నూట ఇరవై లోపల వచ్చింది. నాలుగు సార్లు మాత్రం వందకి తగ్గింది.

ఆ వంద గురించి చెప్పాలి. చెవి విని, కాలు కదలడానికి ఏ మనిషికైనా కనీసం సెకనులో పదో వంతు, అంటే వంద మిల్లీసెకన్లు పడుతుందని పోటీల నియమం. దిమ్మల్లో ఉన్న యంత్రం దాన్ని కొలుస్తుంది. అంతకన్నా ముందు కదిలితే విననట్టే లెక్క. మోగుతుందని ఊహించి దొంగతనంగా లేచినట్టే. ఒక్కసారికే పందెం నుంచి తీసేస్తారు.

ఆ నాలుగు సార్లూ రత్నం ఊహించి లేవలేదు. విన్నాకే లేచింది. ఆ నియమం రాసినవాళ్లకి తెలిసిన మనిషి శరీరం ఇప్పుడు ఆమెది కాదు, అంతే. బిళ్ల తీవ్రత తగ్గించి ఒక్క వారం సాధన చేయిస్తే ఆమెని వెనక్కి తెచ్చి నూట ఇరవై దగ్గర ఆపగలిగేదాన్నేమో. ప్రయాణం వాయిదా పడేది. మాస్టారు కారణం అడిగేవారు. పదిసార్లలో ఒక్కసారే కదా అనుకున్నాను. ఆ కాగితాన్ని ఎవరికీ చూపించకుండా సొరుగులో పెట్టాను.

పోటీలు జరిగిన ఊరంతా మంచు. స్టేడియంలోకి అడుగుపెడితే మాత్రం వెచ్చగా, పెళ్లిపందిరిలా వెలుగు. పరిగెత్తేటప్పుడు బిళ్ల అక్కర్లేదు, ఆ దారి అప్పటికే ఒంట్లో పడిపోయింది. పొద్దున జరిగిన మొదటి దఫాలో రత్నానికి నూట ఇరవై ఒకటి వచ్చింది. సెమీఫైనల్లో నూట ఆరు. మాస్టారు నా చేతులు రెండూ పట్టుకుని ఊపేశారు. వందకి ఇంక ఆరే మిగిలిందని నేను లెక్కపెట్టుకున్నాను.

సాయంత్రం ఫైనల్. ఎనిమిది మంది. రత్నానిది ఆరో వరస. ఒక్కొక్కరి వెనకా నేల మీద చిన్న స్పీకరు ఉంది. తుపాకీ శబ్దం అందరికీ ఒకేసారి అందాలని ఆ ఏర్పాటు. ‘సెట్’ అన్నారు. ఎనిమిది నడుములు పైకి లేచాయి. అన్ని వేలమంది ఉన్న స్టేడియంలో ఎవరూ దగ్గనైనా లేదు.

శబ్దం వచ్చింది. వెంటనే రెండో శబ్దం వచ్చింది. ఎవరో తప్పుగా లేచారు, ఆగమని. ఏడుగురు నాలుగడుగులు వేసి ఆగిపోయారు. రత్నం ఆగలేదు. రెండో శబ్దానికి ఆమె కాళ్లు ఇంకా విసురుగా లేచాయి. ఒంటరిగా మొదటి హర్డిల్ దాటింది, రెండోదీ దాటింది, మూడోదాని ముందు ఎలాగో నిలదొక్కుకుని వెనక్కి తిరిగింది. జనంలో నవ్వులు వినిపించాయి.

ఒక అధికారి ఎర్ర కార్డు పట్టుకుని ఆరో వరస దిమ్మల దగ్గర నిలబడి ఉన్నాడు. పెద్ద తెర మీద ఆమె అంకె పడింది. తొంభై నాలుగు.

రత్నానికి ఇంగ్లీషు కొంచెం వచ్చు. ఆ సమయంలో అది కూడా రాలేదు. “నాను ఇన్నాకే లేచాను,” అంది ఆ అధికారితో. “ఇన్నాకే లేచాను బాబూ.” ఆయన మర్యాదగానే తెర వైపు చెయ్యి చూపించాడు. ఆమె తల ఎత్తి జనంలో వెతికింది. ఎవరికోసమో నాకు తెలుసు. నేను ఒళ్లో ఉన్న సంచిలోకి చూస్తూ కూర్చున్నాను.

మిగిలిన ఏడుగురితో పందెం నడిచింది. ఎనిమిది సెకన్లు.

మాస్టారు అభ్యంతరం దాఖలు చేశారు. వినడానికి ముగ్గురు పెద్దలు ఒక గదిలో కూర్చున్నారు. ఆ గది బయట బల్ల మీద రత్నం ముళ్ల బూట్లు కూడా విప్పకుండా కూర్చుంది. మాస్టారు నన్ను పక్కకి తీసుకెళ్లారు.

“మేడం, ఈ పిల్ల నిజంగా అంత తొందరగా లేవగలదా?”

నా మొహం చూసి ఆయనకి అర్థమైపోయింది.

“అయితే లోపలికొచ్చి ఆ ఒక్క మాట చెప్పండి. మీ దగ్గర లెక్కలన్నీ ఉన్నాయి కదా. డాక్టరు చెబితే వింటారు.”

“చెబితే అడ్డదారి సంగతి బయటికొస్తుంది మాస్టారూ. అమ్మాయిని రెండేళ్లు నిషేధిస్తారు.”

“నిషేధిస్తే నిషేధించనీండి. ముందు అది దొంగతనం చేయలేదని తేలాలి కదండీ!”

“వద్దు,” అన్నాను. “ఆమె మంచికే చెబుతున్నాను.”

ఆయన ఒక్కరే లోపలికి వెళ్లారు. పావుగంటకి బయటికొచ్చారు. మనిషన్నవాడు అంత తొందరగా వినలేడని, యంత్రానికి ఎవరి మీదా పగ ఉండదని ఆ ముగ్గురూ చెప్పారట.

రత్నం నెమ్మదిగా లేచి నా దగ్గరికి వచ్చింది. కాటుక చెంపల మీదికి కారి ఉంది. “డాక్టరమ్మా, నాకైతే ఇన్నట్టే ఉంది. ఇన్నాకే లేచినట్టుంది. మీరు సెప్పండి, నాను ఆత్రపడిపోనానేటి?”

లోపలికి వెళ్లకపోవడం పిరికితనం. అది నేను ఒప్పుకోగలను. దానికన్నా పెద్ద తప్పు ఆ తర్వాతి క్షణంలో చేశాను.

“ఒత్తిడిలో అలా జరుగుతూంటుంది రత్నం,” అన్నాను. “మనకి విన్నట్టే అనిపిస్తుంది.”

ఆమె తలూపింది. ఇంక ఎవరినీ ఏమీ అడగలేదు.

మన పేపర్లు ఒకరోజు రాసి ఊరుకున్నాయి. తొందరపాటు అని ఒకరు, పెద్ద వేదిక చూసి తడబడిందని ఒకరు. పరికరం వాడడం పూర్తిగా ఆపి ఆరు వారాలు గడిచాయి. పన్నెండు వారాలు గడిచాయి. అడ్డదారి పూడిపోలేదు. రత్నం సాధనకి వెళ్లడం మానేసింది. నేను పరిశోధన పత్రం రాస్తున్నాను. ఎల్లాజీ రెండుసార్లు ఫోన్ చేస్తే, ఇంకొంచెం ఓపిక పట్టమన్నాను.

మూడోసారి ఫోన్ ఆసుపత్రి నుంచి వచ్చింది.

రత్నం గంగని బడి నుంచి తీసుకొస్తోంది. చెయ్యి పట్టుకునే ఉంది. వెనక నుంచి వచ్చిన బస్సు ఒక్కసారి గట్టిగా హారను కొట్టింది. రత్నం ముప్పై మీటర్ల అవతల తేలింది. వెనక్కి తిరిగి చూస్తే గంగ రోడ్డు మధ్యలో బోర్లా పడి ఉంది. బస్సు ఆగింది గాని దాని పక్క నుంచి వచ్చిన స్కూటరు ఆగలేకపోయింది. పిల్ల ఎడమ మోచెయ్యి విరిగింది. నుదురు పగిలింది.

నేను వెళ్లేసరికి రత్నం వార్డు బయట, చెవుల్లో దూది కుక్కుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ఒక చెవిలో దూది తీసింది.

“తల్లన్నది పిల్లకాడికి పరిగెట్టాల గదా డాక్టరమ్మా,” అంది. “నాను పిల్లనొగ్గీసి పరిగెట్టినాను. సెయ్యి ఒదిలీసినట్టు కూడా నాకు తెల్దు. ఆ రోజు పందెంలో ఆత్రం, ఇయ్యాల ఇది. నా ఒంట్లో ఏటో సెడ్డది ఉన్నాది. ముందునుంచీ ఉన్నాదేమో, నాకే తెలీనేదు.”

అప్పుడు చెప్పాను. ఆ ఆసుపత్రి వరండాలో, పక్కన రోగుల చుట్టాలు టిఫిను తింటూంటే, మొత్తం చెప్పాను. నలభైలో నాలుగు సార్లు. సొరుగులో కాగితం. పోస్టుమాస్టరు గారి కాలు. ఆ రోజు ఆమె విన్నాకే లేచిందని, ఆ స్టేడియం మొత్తంలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నేనని. చెడ్డదేదైనా ఉంటే అది నేను పెట్టిందేనని.

ఆమె అంతా విన్నది. “ఆ మాట ఆ రోజెందుకు సెప్పనేదు?”

“భయపడ్డాను.”

“నన్ను నిషేదిత్తారనా?”

“కాదు. నా ఉద్యోగం పోతుందని.”

కోప్పడుతుందని ఎదురుచూశాను. కోప్పడినా బాగుండేది. లోపల గంగ మూలిగినట్టు వినిపించింది. రత్నం లేచి, “గుంట లేత్తంది. మీరెల్లండి,” అని దూది మళ్లీ చెవిలో పెట్టుకుంది.

మర్నాడు పోటీల సంస్థకి ఉత్తరం రాశాను. లెక్కలన్నీ జత చేశాను. అదే ఉత్తరం మా పరిశోధనాలయం పెద్దలకీ ఇచ్చాను. నన్ను పనిలోంచి తీసేశారు. అది న్యాయమే. కానీ అడ్డదారి పని మొత్తం ఆపేశారు. కుర్చీల్లోంచి లేచి నడుస్తామని వరసలో కాచుకున్న పదకొండు మంది రోగులు ఇళ్లకి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకావిడ ఫోన్ చేసి, “ఎప్పుడు మళ్లీ మొదలవుతుందమ్మా?” అని అడిగింది.

రత్నానికి నా పాత సహచరుడొకాయన వైద్యం చేశాడు. ఎనిమిది నెలలు, రోజూ చిన్న చిన్న శబ్దాలు వినిపిస్తూ కాళ్లు కదలకుండా పట్టి ఉంచే సాధన. సగం దాకా ఫలించింది. కుక్కరు కూతకి ఇప్పుడు భుజం మాత్రమే అదురుతుందట. పెద్ద శబ్దాలకి మాత్రం కాళ్లు ఇంకా లేస్తున్నాయి. ఆ సాధనతో హర్డిల్ ముందు కాలు లేవడం మందగించిందని, ఇంక పందేల మాట లేదని మాస్టారు చెప్పారు. ఆ ఉత్తరం తర్వాత ఆయన నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే.

ఉత్తరం రాసిన పదహారు నెలలకి పోటీల సంస్థ తీర్పు వచ్చింది. దాన్ని తీసుకుని ఒక ఆదివారం ఉదయం భీమిలి వెళ్లాను.

వాళ్ల వీధి మొదట్లో కొత్త బోర్డు ఉంది. పడవలకి వేసే నీలం రంగుతో, ‘ఈ వీధిలో హారను కొట్టకండి. ఇంజను ఆపి తోసుకుని పోండి’ అని రాసి ఉంది. నా ముందు ఒక పెళ్లి ఊరేగింపు వెళుతోంది. బోర్డు దగ్గరికి రాగానే మేళగాళ్లు డోళ్లు భుజాన వేసుకున్నారు. సన్నాయి చంకలో పెట్టుకున్నారు. పెళ్లికొడుకుతో సహా అందరూ మామూలుగా మాట్లాడుకుంటూ ఆ వీధి నడిచారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అది వాళ్లకి అలవాటైపోయినట్టుంది. నేను వాళ్ల వెనకే నడిచాను.

రత్నం అరుగు మీద కూర్చుని గంగకి జడ వేస్తోంది. గంగ ఎడమ మోచెయ్యి పూర్తిగా సాగదు. నన్ను చూసి రత్నం చేత్తో పక్కన చోటు చూపించింది.

“తీర్పు వచ్చింది,” అన్నాను.

“తెలుగులో సెప్పండి.”

చదివి తెలుగులో చెప్పాను. “ప్రయోగశాల లెక్కలన్నీ పరిశీలించాం. సదరు క్రీడాకారిణి తుపాకీ శబ్దం విన్న తర్వాతే కదిలిందని, ఆమె వైపు నుంచి మోసం ఏమీ లేదని నిర్ధారించాం.”

జడ వేస్తున్న చేతులు ఆగాయి. “మళ్లీ సెప్పండి.”

మళ్లీ చెప్పాను. రత్నం లోపలికి కేకేసింది. “మావా! ఇలా రా. ఇనుకో.” ఎల్లాజీ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. మూడోసారి చెప్పాను. ఎదురింటి ముసలమ్మ కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే, ఆమె కోసం నాలుగోసారి చెప్పించింది.

రెండో పేరా కూడా ఉంది. అనుమతి లేని సాధనం వాడినందువల్ల ఆ ఏడాది ఆమె సాధించిన ఫలితాలన్నీ, ఎంపిక పోటీల గెలుపుతో సహా రద్దు చేశారు. అది చదవబోతే రత్నం ఆపింది. “అది నాకు తెలుసు. అది అక్కర్నేదు.” కాగితం అందుకుని, అందులో తన పేరెక్కడుందో చూపించమంది. చూపించాను.

“పతకం గొడవ కాదు డాక్టరమ్మా,” అంది కాగితం మీంచి చూపు తీయకుండా. “మీరు ఆసుపత్రిలో సెప్పినారు. అయినా మనసు నమ్మనేదు. జాలిపడి సెప్తన్నారేమో అనుకున్నాను. ఆ రోజునుంచీ నన్ను నానే నమ్ముకోడం మానీసినాను. పప్పులో ఉప్పేసినానని నాకు గేపకం ఉంటాది. అయినా మావనడుగుతాను, ఏసినానా అని. తలుపు గడేసినానా అని గుంటనడుగుతాను. నా కళ్లతో నాను సూసింది కూడా ఇంకొకలు సెప్తే గాని నమ్మను.”

ఎల్లాజీ తల దించుకుని గుడ్డతో వేళ్ల సందులు తుడుచుకుంటున్నాడు. క్షమించమని అడగడానికే ఆ రోజు అంత దూరం వెళ్లాను. ఆ మాట తర్వాత నాకు నోరు రాలేదు.

“ఎవులే ఈవిడ?” అని ఎదురింటి ముసలమ్మ అడిగింది.

రత్నం నా మొహం వంక చూసింది. ఆ వీధిలో బోర్డు ఎవరి వల్ల పెట్టాల్సొచ్చిందో, గంగ చెయ్యి ఎవరి వల్ల వంకరైందో ఆ ఒక్క జవాబుతో అందరికీ తెలిసిపోయేది.

“ఈ కాగితం రాయించి తెచ్చినావిడ,” అంది రత్నం.

“నాలుగు ముద్దలు తిని ఎల్లండి,” అన్నాడు ఎల్లాజీ. వద్దని చెప్పి లేచాను. రత్నం ఉండమనలేదు, వెళ్లమనలేదు. కాగితాన్ని మడతపెట్టి, విప్పి, మళ్లీ చూసుకుంటోంది.

నేను నాలుగిళ్లు దాటి ఉంటాను. అవతలి చివర పెళ్లివారు వీధి దాటేశారు కాబోలు, డోళ్లు మళ్లీ మోగాయి. దూరం నుంచే అయినా గట్టిగా వినిపించాయి. నేను గిర్రున వెనక్కి తిరిగాను.

రత్నం అరుగు మీది స్తంభాన్ని రెండు చేతులతో వాటేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. కాళ్లు అరుగు మీద కొట్టుకుంటున్నాయి. సగం వేసిన జడతో గంగ ఆమె వెనక మోకాళ్ల మీద నిలబడి, సాగని ఆ ఎడమ చెయ్యి ఒక పక్కనుంచి, కుడి చెయ్యి ఒక పక్కనుంచి పెట్టి, తల్లి చెవులు రెండూ మూసి పట్టుకుంది. డోళ్ల చప్పుడు పూర్తిగా అణిగిపోయేదాకా అలాగే పట్టుకుని ఉంది. నేనూ అక్కడే రోడ్డు మీద, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, నిలబడి ఉన్నాను.